ముందు రెక్క, తర్వాతే మోటారు

వీపు మీద పాతిక ముప్పై కిలోల మోటారు, తల పైన గుడ్డతో కుట్టిన రెక్క, కింద పరిగెత్తడానికి మన రెండు కాళ్లు. పారామోటార్ అంటే ఇంతే. చాలావాటికి చక్రాలుండవు, తోక ఉండదు, విమానానికుండే డొక్క ఉండదు. మొత్తం సరంజామా ఒక కారులో పట్టేస్తుంది. ఇంజనుతో మనిషిని గాల్లోకి మోసుకెళ్లే యంత్రాల్లో ఇంతకన్నా తేలికైనవి, చవకైనవి చాలా అరుదు. అందుకే దీన్ని చూసినవాళ్లలో చాలామందికి తామూ ఎగరాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలన్నదే ప్రశ్న.

దానికి జవాబు ఈ యంత్రం చరిత్రలోనే ఉంది. రెక్క ముందు పుట్టింది. కొండవాలున పరిగెత్తి దాన్ని ఎగరేయడం తర్వాత వచ్చింది. మోటారు అన్నిటికన్నా చివర చేరింది. నేర్చుకునేవాళ్లు కూడా ఇదే వరసలో నేర్చుకోవాలి. వరస తప్పితే దెబ్బలు తినే ప్రమాదం ఎక్కువ.

కెనడాలోని క్విబెక్‌లో పుట్టి, అమెరికాలోని ఫ్లోరిడాలో స్థిరపడ్డ డొమినా జాల్బర్ట్ గాలిపటాలు, బెలూన్లు తయారుచేస్తూ బతికినవాడు. 1964లో ఆయన కొత్త రకం గుడ్డ రెక్క ఒకదానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 1966లో అది మంజూరైంది. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో వరసగా నిలువు గోడలు. విమానం రెక్కను అడ్డంగా కోస్తే ఏ ఆకారం కనిపిస్తుందో ఆ ఆకారంలోనే ఒక్కొక్క గోడనూ కత్తిరించి కుట్టారు. వెనక అంచు మూసి ఉంటుంది, ముందు అంచు తెరిచి ఉంటుంది. రెక్క ముందుకు కదిలినంతసేపూ ఆ నోళ్లలోంచి గాలి దూరి గదులన్నిటినీ నింపుతుంది. గుడ్డ బిర్రుగా ఉబ్బి, కర్ర గానీ రేకు గానీ లేకుండానే విమానం రెక్క ఆకారం తెచ్చుకుంటుంది. అంతకుముందు పారాచూట్ చేసిన పని కిందపడే వేగాన్ని తగ్గించడమే. జాల్బర్ట్ రెక్క పడుతూనే ముందుకు జారుతుంది, తిప్పినవైపు తిరుగుతుంది.

దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. లోపల గాలి ఒత్తిడి ఉన్నంతసేపే అది రెక్క. ఎదురుగాలి ఉన్నట్టుండి దిశ మార్చి ముందు అంచును పైనుంచి తాకిందంటే ఒక పక్క ముడుచుకుపోతుంది. కొత్తవాళ్ల కోసం తయారైన రెక్కలు చాలాసార్లు వాటంతట అవే మళ్లీ తెరుచుకుంటాయి, కాకపోతే తెరుచుకునే లోపు కొంత ఎత్తు పోతుంది. ఆ పోయే ఎత్తు కింద మిగిలి ఉండాలి. అందుకే ఈ ఆటలో నేలకు దగ్గరగా, బాగా పక్కకు వంగి మలుపులు తిప్పడం అన్నిటికన్నా చెడ్డ పని. ఎత్తుగా ఎగరడం చూసి మనం భయపడతాం. అనుభవం ఉన్న పైలట్లు తక్కువ ఎత్తును చూసి భయపడతారు.

ఈ రెక్క మొదట విమానంలోంచి దూకే స్కైడైవర్ల చేతికి పోయింది. అదే రోజుల్లో అంతరిక్ష నౌకలను క్షేమంగా దించే ఆలోచనల మీద పనిచేస్తున్న డేవిడ్ బారిష్ తను చేసిన వేరే రకం రెక్కతో 1965లో న్యూయార్క్ రాష్ట్రంలోని కాట్‌స్కిల్ కొండల వాలు మీంచి పరిగెత్తి ఎగిరాడు. ఆ తర్వాత స్కీ మైదానాల్లో ప్రదర్శనలిచ్చాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్న ఊరు ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో ఉంది, పేరు మియుసీ. 1978 వేసవిలో జాన్ క్లోద్ బేతాం, ఆంద్రే బోన్, జెరార్ బోసోన్ అనే ముగ్గురు స్కైడైవర్లు అక్కడి కొండవాలుకు పారాచూట్లు మోసుకెళ్లారు. విమానం ఎక్కాలంటే ప్రతిసారీ డబ్బు ఖర్చు. అనుకున్న చోట దిగడం సాధన చేయడానికి కొండ చాలదా అన్నది వాళ్ల ఆలోచన. పరిగెత్తారు, రెక్క తల మీదికి వచ్చింది, కాళ్లు నేల విడిచాయి. కొన్నాళ్లకే ఆ ఊళ్లో క్లబ్బు, నేర్పే బడి పుట్టాయి. పారాగ్లైడింగ్ అని ఇవాళ ప్రపంచమంతా పిలుస్తున్నది అక్కణ్నుంచి పాకినదే. 2015లో ప్రపంచ కప్ పోటీ జరిగిన మన హిమాచల్‌లోని బీర్-బిల్లింగ్ దాకా వచ్చింది.

మియుసీ మిత్రులు చేసిన పనిలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం ఉంది. రెక్కను నేల మీద నిలబడి లేపాలి, తల పైన నిలపాలి, వంకర పోతే సరిచేయాలి. దీన్నే గ్రౌండ్ హ్యాండ్లింగ్ అంటారు. మోటారు లేకుండా, హార్నెస్ అనే బెల్టుల కట్టు మాత్రం కట్టుకుని ఖాళీ మైదానంలో గంటల తరబడి చేయాల్సిన సాధన ఇది. రెక్క కుడికి వాలితే చేత్తో బ్రేకు తాడు లాగడానికి ముందే కాళ్లు కుడికి నడవాలి, రెక్క కిందికి పోయి నిలబడాలి. రెక్కకు ఎదురుగా నిలబడి చేస్తుంటే, గాలి తగ్గినప్పుడు నాలుగడుగులు వెనక్కి వేయాలి. ఇవన్నీ ఆలోచించి చేసేంత సమయం ఉండదు, ఒంటికి అలవాటైపోవాలి. చూసేవాళ్లకు విసుగు, చేసేవాళ్లకు ఒళ్లంతా చెమట. చాలామంది దీన్ని త్వరగా ముగించి మోటారు దగ్గరికి పోదామని తొందరపడతారు. నా దృష్టిలో శిక్షణ మొత్తంలో అతి విలువైన భాగం ఇదే. రెక్క తన తల పైన ఎక్కడుందో పైకి చూడకుండానే తెలిసిన మనిషికి మోటారు కట్టినా సగం ప్రమాదాలు దగ్గరికి రావు.

ఇక మోటారు సంగతి. కొండలు లేని చోట ఏం చేయాలి? 1980 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన మైక్ బర్న్ వీపున ఇంజను కట్టుకుని ఎగిరాడు. పారామోటార్ అన్న పేరు ఆయనదే. కానీ అప్పటి రెక్కలు ఇంకా పారాచూట్ల లక్షణాలే కలవి. ఒక మీటరు కిందికి దిగే లోపు మూడు నాలుగు మీటర్లు మాత్రమే ముందుకు పోయేవి. అలాంటిదాన్ని పైన నిలపాలంటే పెద్ద ఇంజను కావాలి, పెద్ద ఇంజనుతో మనిషి పరిగెత్తలేడు. పొడవైన, సన్నటి, నిజంగా ఎగరడానికే కుట్టిన రెక్కలు 1980ల మధ్యలో వచ్చాక ఈ ముడి విడింది. 1986 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లా మూయెత్ సంస్థ ఆ కొత్త రెక్కలకు మోటార్లు జోడించడంతో ఈ యంత్రం జనంలోకి వచ్చింది.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. మనిషి, మోటారు, రెక్క కలిపి 120 కిలోలు అనుకుందాం. ఇప్పటి రెక్క సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్లు కిందికి జారుతుంది. ఆ జారుడును ఆపి ఎత్తు నిలబెట్టుకోవడానికి గాలికి అందాల్సిన శక్తి రెండున్నర హార్స్‌పవర్‌కు మించదు. సెకనుకు రెండు మీటర్ల చొప్పున పైకి పోవాలంటే ఐదారు చాలు. చిన్న ప్రొపెల్లర్ నెమ్మదిగా పోయే రెక్క వెనక తిరిగేటప్పుడు ఇంజను శక్తిలో సగానికి పైగా వృథా చేస్తుంది కాబట్టి 15 నుంచి 25 హార్స్‌పవర్ ఇంజన్లు పెడుతున్నారు. ఎక్కువగా ఒకే సిలిండరున్న టూ స్ట్రోక్ రకం. పత్తి చేలలో మన రైతులు వీపున వేసుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌కు ఇది పెద్దన్న లాంటిది. అదే పెట్రోలు, ఆయిలు కలిపిన ఇంధనం, అదే తాడు లాగి స్టార్ట్ చేయడం, అదే రొద. గంటకు మూడు నుంచి ఐదు లీటర్లు తాగుతుంది. గాలి కదలని చోట వేగం గంటకు 40 కిలోమీటర్లు, కొన్ని రెక్కలకు 60 దాకా.

తేడా అంతా ప్రొపెల్లర్ దగ్గర ఉంది. నాలుగడుగులకు పైగా వెడల్పున్న ఆ పంకా నిమిషానికి 2,700 సార్లు తిరిగితే దాని కొస గంటకు 600 కిలోమీటర్లు దాటి పోతుంది. తిరిగేటప్పుడు కంటికి ఆనదు. అమెరికాలోని పారామోటార్ సంఘం ఏళ్ల తరబడి ప్రమాదాల వివరాలు పోగుచేస్తోంది. తీవ్ర గాయాల్లో ముందు వరసలో ఉన్నది ఆకాశంలోంచి పడిపోవడం కాదు, తిరిగే ప్రొపెల్లర్ ఒంటికి తగలడం. అదీ ఎక్కువగా నేల మీద, ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు. జరిగే తీరు దాదాపు ఒకటే. మోటారును నేల మీద పెట్టి తాడు లాగుతారు. ఇంజను వేగం పెంచే థ్రాటిల్ ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఇంజను ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుని మనిషి మీదికి దూకుతుంది. ఆపబోయిన చెయ్యి చుట్టూ ఉన్న చట్రం వల దాటి లోపలికి పోతుంది. చాలా చట్రాల్లో ఆ వల రెక్క తాళ్లు పంకాలో పడకుండా కట్టినది, 50 నుంచి 80 కిలోల తోపుతో మీదికొచ్చే యంత్రం నుంచి చేతిని కాపాడేంత గట్టిది కాదు.

కాబట్టి వీలైనంతవరకు మోటారును వీపున తగిలించుకున్నాకే స్టార్ట్ చేయాలి. థ్రాటిల్ వదిలితే వెనక్కి వస్తోందో లేదో, ఇంజను ఆపే మీట పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. నేల మీదే స్టార్ట్ చేయక తప్పకపోతే, యంత్రం పూర్తి బలంతో మీదికి వస్తుందనే లెక్కతో కాలూ చెయ్యీ ఆనించి పట్టుకోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, పంకా తిరిగే వరసలో పక్కన నిలబడకూడదు, ముక్క విరిగితే ఆ వరసలోనే ఎగురుతుంది.

మోటారుతో పరిగెత్తి లేవడం ఇంకో విద్య. కొత్తవాళ్లు బరువుకు ముందుకు వంగుతారు. వంగితే ప్రొపెల్లర్ తోపు వాళ్లను నేలకేసి నొక్కుతుంది. నడుము నిటారుగా పెట్టి, తోపు మీద వెనక్కి ఆనుకుని పరిగెత్తాలి. కాళ్లు తేలాయి కదా అని వెంటనే సీట్లో కూర్చోకూడదు. పంకా ఒకవైపు తిరుగుతుంటే శరీరం రెండోవైపు తిరగజూస్తుంది. ఒక్కసారిగా పూర్తి థ్రాటిల్ ఇస్తే ఆ మెలిక గట్టిగా తెలుస్తుంది. కంగారులో ఒక బ్రేకు అతిగా లాగితే ఆ పక్క రెక్క ఎగరడం మానేస్తుంది. మంచి బడుల్లో విద్యార్థిని ముందు ఒక స్టాండుకు వేలాడదీసి ఈ పనులన్నీ చేయిస్తారు. ఆ తర్వాత ఇద్దరు కూర్చునే రెక్క మీద తీసుకెళ్తారు, లేదా వించితో లాగి మోటారు లేకుండా పైకి పంపుతారు. ఎందుకంటే చాలాచోట్ల మోటారుతో చేసే మొట్టమొదటి ప్రయాణం ఒంటరి ప్రయాణమే. పక్కన గురువు ఉండడు, చెవిలో రేడియో గొంతు మాత్రం ఉంటుంది.

పైకి పోయాక ఇంజను ఆగిపోతే? వినడానికి భయంగా ఉన్నా ఈ యంత్రం విషయంలో అది చిన్న సమస్య. 2007 మే నెలలో బ్రిటన్‌కు చెందిన బేర్ గ్రిల్స్, ఇంజను తయారుచేసిన గిలో కార్డోజో ఎవరెస్టు ప్రాంతంలో పారామోటార్ల మీద ఎగిరారు. గ్రిల్స్ 29,000 అడుగులకు పైగా చేరినట్టు ప్రకటించారు. కార్డోజో ఇంజను 28,000 అడుగుల దగ్గర మొరాయించింది. ఆయన మామూలు పారాగ్లైడర్‌లా జారుకుంటూ క్షేమంగా దిగాడు. మోటారు పోయినా రెక్క ఉంది. దిగడానికి చదునైన చోటు అందుబాటులో ఉంచుకుని ఎగిరితే చాలు.

అసలు శత్రువులు వేరే ఉన్నాయి. మొదటిది నీళ్లు. చెరువులో దిగితే వీపు మీది మోటారు, కట్టుకున్న బెల్టులు, చుట్టుకునే తాళ్లు కలిసి ఈతగాణ్ని కూడా ముంచేస్తాయి. నీళ్లు తగలగానే ఉబ్బే తేలుడు సంచి లేనివాళ్లు నీళ్ల పైకి పోకూడదు. రెండోది కరెంటు తీగలు. మన పొలాల మీదుగా పోయే సన్నటి తీగలు పైనుంచి కనిపించవు. స్తంభాల వరస చూసి తీగ ఉన్నట్టే లెక్క వేసుకోవాలి. మూడోది గాలి. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి గడ్డలు గడ్డలుగా పైకి లేస్తుంది, ఎండాకాలం మన చేలలో లేచే సుడిగాలులు దానికి సాక్ష్యం. కొత్తవాళ్ల వేళ తెల్లవారాక మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి గంట. చెట్ల గుంపుకు, మేడకు గాలి తగిలే వైపు కాక అవతలి వైపున గాలి సుడులు తిరుగుతుంటుంది, అటు పోకూడదు.

చట్టాలు దేశానికొక తీరు. అమెరికాలో 1982 నాటి నిబంధన ప్రకారం 254 పౌండ్ల లోపు బరువున్న ఒంటరి యంత్రానికి లైసెన్సు అక్కర్లేదు, పగలు మాత్రమే, జనావాసాల మీద పోకూడదు. ఫ్రాన్స్‌లో పరీక్ష రాసి అనుమతి పత్రం తీసుకోవాలి. మన దేశంలో అనుమతి లేకుండా లేవడం నేరం. రిపబ్లిక్ డే ముందు ఢిల్లీ పోలీసులు పారామోటార్ల మీద ప్రత్యేకంగా నిషేధం పెడుతుంటారు. అయినా మన వాయుసేన వాళ్లు 2016లో పారామోటార్ల మీదే దేశం చుట్టి 10,000 కిలోమీటర్లకు పైగా తిరిగారు. తగిన శిక్షణ ఉంటే ఈ గుడ్డ రెక్క ఎంత దూరమైనా మోస్తుంది.

మీకూ ఎగరాలని ఉంటే ముందు యంత్రం కొనకండి. పాత రెక్క చవకగా దొరికిందని అసలే కొనకండి. ఎండకు మాగిన గుడ్డ చూపుకు కొత్తగా ఉన్నా గాలిని నిలపలేదు, అది పరికరంతో పరీక్షిస్తేనే తెలుస్తుంది. రెక్క సైజు మీ బరువు ఒక్కదానికి కాదు, మోటారు, ఇంధనంతో కలిపిన బరువుకు సరిపోవాలి. ఇవన్నీ గురువు చూసి చెప్పాలి. ఆ గురువు మొదట ఖాళీ మైదానంలో మీ చేత రెక్క పట్టించి రోజుల తరబడి చెమటోడ్పిస్తే ఓపిక పట్టండి, సరైన చోటికే వచ్చారు. మొదటి రోజే వీపున మోటారు కట్టి పరిగెత్తమంటే, ఫీజు ఎంత తక్కువైనా సరే, దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేయండి.