English Grammar: వీకెండ్‌లో మ్యూజియం.. గ్రామర్ భయం మాయం! పిల్లలతో ఇలా ట్రై చేయండి

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకం మారింది కానీ చాలా ఇళ్లలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు లేరు. దీంతో పిల్లలు రూల్స్ బట్టీ పడుతున్నారు.. నోరు తెరవమంటే తడబడుతున్నారు. గౌడవెల్లి, మేడ్చల్ వైపు కుటుంబాలకు దీనికి ఓ తేలికైన దారి ఉంది. అదే సాలార్‌జంగ్ మ్యూజియం. గౌడవెల్లి నుంచి రైల్లో సికింద్రాబాద్, అక్కడి నుంచి బస్సులో వెళ్లొచ్చు. శుక్రవారం సెలవు, శని, ఆదివారాలు తెరిచే ఉంటుంది.

గడియారం దగ్గర టెన్సెస్

ఇక్కడి మ్యూజికల్ క్లాక్‌లో గంట గంటకూ ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. రోజూ జరిగేది కాబట్టి 'హి కమ్స్ అవుట్ ఎవ్రీ అవర్'. కళ్ల ముందు కొడుతుంటే 'హి ఈజ్ స్ట్రైకింగ్ ది బెల్'. లోపలికి వెళ్లిపోయాక 'హి హాజ్ గాన్ ఇన్'. కొద్ది నిమిషాల్లోనే మూడు టెన్సెస్ కళ్లారా చూసినట్టే. మధ్యాహ్నం 12 గంటలకు వెళ్తే 12 దెబ్బలూ లెక్కపెట్టొచ్చు.

రెబెకా దగ్గర పాసివ్ వాయిస్

ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన 'వీల్డ్ రెబెకా'ను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నారు. మేలిముసుగు పల్చటి బట్టలా కనిపిస్తుంది, కానీ అదీ పాలరాయే. వీల్, మార్బుల్, స్కల్ప్టర్.. మూడు మాటలు ఒక్క బొమ్మతో గుర్తుండిపోతాయి. మన మాటల్లో 'బెంజోని చెక్కాడు' అంటాం. 'బెంజోని చేత చెక్కబడింది' అని ఎవరూ అనరు. పాసివ్ వాయిస్ పిల్లలకు కొరకరాని కొయ్య అయ్యేది ఇందుకే. మ్యూజియం లేబుళ్లలో మేడ్, కార్వ్డ్ లాంటి మాటలు తరచూ కనిపిస్తాయి. 'ఇట్ వాజ్ కార్వ్డ్ బై బెంజోని' అని బొమ్మ చూస్తూ చెబితే ఎవరు చేశారు, ఏది చేయబడింది అన్నది సులువుగా అర్థమవుతుంది.

అద్దం దగ్గర ప్రిపొజిషన్స్

ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెటా ఉన్న జంట శిల్పం ఇక్కడ మరో ఆకర్షణ. వెనక బొమ్మ అద్దంలో కనిపిస్తుంది. తెలుగులో 'బొమ్మ వెనక' అంటాం, ఇంగ్లిష్‌లో 'బిహైండ్ ది స్టాట్యూ'. మనకు చివర వచ్చే మాట అక్కడ ముందుకొస్తుంది. తెలుగులో అలవాటు లేని 'ఏ', 'ది' కూడా ఇక్కడే చెప్పొచ్చు. మొదటిసారి చెబితే 'ఏ స్టాట్యూ', మళ్లీ దాని గురించే అంటే 'ది స్టాట్యూ'.

అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాకపోతే?

ఏం ఫర్వాలేదు. ఇదేంటి? ఎక్కడుంది? ఎవరు చేశారు? అని తెలుగులోనే అడగండి. పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిచ్చి, దాని అర్థం తెలుగులో మీకు చెప్పాలి. ఎదుటివాళ్లకు నేర్పించేటప్పుడే మాట గట్టిపడుతుంది.

అన్ని గదులూ ఒకే రోజు తిప్పొద్దు. మూడు వస్తువులు, పది మాటలు చాలు. మధ్యలో తప్పులు దిద్దకండి, ముందు వాక్యం పూర్తి చేయనివ్వండి. తిరుగు రైల్లో ఆ పది మాటలతో ఐదు వాక్యాలు చెప్పించండి. వారం తర్వాత అవే మళ్లీ అడగండి. అప్పటికీ తడుముకోకుండా చెబితే ఆ మాటలు వచ్చేసినట్టే!