ఇంగ్లిష్ పదాలు పెరగాలంటే... ఇంట్లో ఉన్న రెండు భాషలే పెట్టుబడి

మధురానగర్‌కు అటు అమీర్‌పేట, ఇటు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. అమీర్‌పేటలో ఎటు చూసినా స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులే. కృష్ణానగర్‌లో సినిమా పనివాళ్లు ఉంటారు. లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లలో చాలామంది ‘మాకు ఇంగ్లిష్ రాదండీ’ అనేస్తారు. కానీ కాల్‌షీట్, టేక్, కంటిన్యుటీ, డబ్బింగ్, ప్యాకప్ అంటూ పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్ల నోట్లో నలిగేది ఇంగ్లిష్ మాటలే. ఎవరూ పుస్తకం పట్టుకుని బట్టీ కొట్టలేదు. ‘ప్యాకప్’ అని వినపడితే సామాను సర్దాలి. రోజూ వింటారు, రోజూ సర్దుతారు. అలా పనితో అతుక్కున్న మాట మరిచిపోదామన్నా పోదు.

బడిలో మాత్రం మాటలు ఇలా అతుక్కోవడం లేదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు సైన్స్, సోషల్ కూడా ఇంగ్లిష్‌లోనే చదవాల్సి వచ్చింది. పాఠం అర్థమైనా మార్కులు పోతున్నాయంటే చాలాసార్లు కారణం పదాలే. అదీ పెద్ద పెద్ద పదాలు కాదు, తెలిసినట్టే ఉండే చిన్నవి. ‘స్టేట్ ఓమ్స్ లా’ అని ప్రశ్న వస్తుంది. ‘స్టేట్’ అంటే రాష్ట్రం అనే పిల్లాడికి తెలుసు. ఓమ్ నియమం నోటికొచ్చినా, దానికీ రాష్ట్రానికీ సంబంధమేమిటో తోచక కూర్చుంటాడు. ఇక్కడ ‘స్టేట్’ అంటే ‘చెప్పు’ అని. ‘మాస్’ అంటే హైదరాబాద్ పిల్లలకు మాస్ సినిమా, మాస్ డైలాగ్. ఫిజిక్స్‌లో అది ద్రవ్యరాశి. ‘సొల్యూషన్’ లెక్కల్లో జవాబు, కెమిస్ట్రీలో ద్రావణం. ఇక ‘జస్టిఫై’, ‘డిస్టింగ్విష్’ లాంటివి ప్రశ్నపత్రంలో కనిపిస్తూనే ఉంటాయి. మొదటిది కారణం చూపి నిరూపించమంటుంది, రెండోది తేడా చెప్పమంటుంది. ఇలాంటి ప్రశ్న మాటలు పాతిక తెలిస్తే చాలు, పరీక్ష సగం తేలికవుతుంది.

మరి ఎన్ని పదాలు రావాలి? మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లిష్ విద్యావేత్త ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపారు. బెంగాలీ పిల్లలకు చదవడం నేర్పే పనిలో ఉండగా, ఏ పదాలు ముందు నేర్పాలన్న ప్రశ్న ఆయనకు ఎదురైంది. 1953లో దాదాపు 2000 పదాల జాబితా ప్రచురించారు. మామూలు ఇంగ్లిష్ రాతలో వంద పదాలు తీసుకుంటే సుమారు 80 ఆ జాబితాలోవే ఉంటాయి. పేపరు, నవల సాఫీగా చదవాలంటే ఇంకా చాలా కావాలి, ఎనిమిది తొమ్మిది వేల దాకా. కానీ మొదటి మెట్టు ఆ రెండు వేలే. రోజుకు ఆరు చొప్పున మూడు వందల రోజులు నేర్చుకుంటే 1800 అవుతాయి. ‘కఠిన పదాల’ గైడ్లు కొని, ఎప్పుడూ ఎదురుపడని మాటలు వల్లె వేయడం ఈ దశలో డబ్బు దండగ.

పదం ఒంటరిగా నేర్చుకుంటే ఇంకో చిక్కుంది. తెలుగులో పరీక్ష ‘రాస్తాం’. ఉర్దూలో ఇంతెహాన్ ‘దేతే హైఁ’, అంటే ఇస్తాం. ఇంగ్లిష్‌లో రాయడమూ లేదు, ఇవ్వడమూ లేదు, ‘టేక్’ చేస్తారు. మందు తెలుగులో వేసుకుంటాం, ఉర్దూలో దవా తింటాం, ఇంగ్లిష్‌లో అదీ ‘టేక్’. బస్సుకూ, ఫొటోకూ అదే. కృష్ణానగర్‌లో అందరికీ తెలిసిన మాటే ఇన్ని పనులు చేస్తుంది! అందుకే నోటుబుక్‌లో ‘టేక్ - తీసుకొను’ అని రాసి ఊరుకోకూడదు. ‘టేక్ మెడిసిన్’, ‘టేక్ ఎ బస్’ అని జతగా రాయాలి. కింద ఇంట్లో నిజంగా జరిగిన ముచ్చట ఒక వాక్యంలో రాయాలి. నానీ మందు వేసుకుందా లేదా అన్నదైనా సరే.

పక్కన అర్థం తెలుగులో రాయాలా, ఉర్దూలోనా? ఏది ముందు తడితే అది. సొంత భాష వాడితే ఇంగ్లిష్ రాదన్న భయం కొందరు టీచర్లలో ఇంకా ఉంది. అది పాత భ్రమ. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైనప్పుడు కూడా ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండింది. ఇప్పటి ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లిష్, తెలుగు పక్కపక్క పేజీల్లో అచ్చవుతున్నాయి. చేతిలోనే ఉన్న ఆ నిఘంటువును వాడుకునే ఇళ్లు తక్కువ.

ఈ ఇళ్లకు ఇంకో సౌకర్యమూ ఉంది. అరబీ ‘సిఫ్ర్’ నుంచే ‘జీరో’ వచ్చింది. అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ అల్జీబ్రా అయింది, ఆయన పేరే అల్గారిథమ్ అయింది. సామాను దాచే ‘మఖ్‌జన్’ మ్యాగజైన్‌గా మారింది. ‘సఫర్’ ఆఫ్రికా మీదుగా వెళ్లి సఫారీ అయింది. తెలుగు పందికొక్కు ‘బ్యాండికూట్’గా ఇంగ్లిష్‌లో చేరింది. ‘గోల్కొండ’ అంటే ఇంగ్లిష్ నిఘంటువుల్లో తరగని సంపద అని అర్థం. ఈ కథలతోనే భాష వచ్చేయదు గానీ, పిల్లలకు బెరుకు పోతుంది. కథ ఉన్న మాట గుర్తూ ఉంటుంది.

మరిచిపోవడం సంగతి. జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే జారిపోతుందని 1885లో చూపించాడు. అందుకే ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కన్నా రోజూ పది నిమిషాలు మేలు. ఇవాళ రాసింది రేపు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ చూడాలి. చూడడమంటే చదువుకుంటూ పోవడం కాదు, అర్థం వైపు చూసి ఇంగ్లిష్ మాట గుర్తు తెచ్చుకోవడం.

ఈ పని ఇంగ్లిష్ రాని అమ్మీ కూడా చేయించగలదు. నోటుబుక్ తన చేతిలో పెట్టుకుని తెలుగు మాటో ఉర్దూ మాటో చదివితే, పిల్లాడు ఇంగ్లిష్ చెప్పాలి. ఒప్పో తప్పో ఆమెకు తెలియక్కర్లేదు. ఠక్కున చెప్పాడా, తడుముకున్నాడా అన్నది ముఖం చూస్తేనే తెలుస్తుంది. తడుముకున్న మాట పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, మర్నాడు రొట్టెలు చేస్తూ అదే మొదట అడిగితే సరి.