పత్రికకు వస్తువు ఎంపిక

పత్రికా నిర్వహణ సాహితీ వ్యాసంగం మాత్రమే కాదు; అది వ్యాపారం కూడా. కాగితం, అచ్చు, తపాలా, రచయితల పారితోషికం నెలనెలా తప్పని ఖర్చులు. ఆ ఖర్చులను రాబట్టుకోలేని పత్రిక ఎంత ఉదాత్తమైన ఆశయంతో పుట్టినా ఎంతో కాలం నిలవలేదు. సంపాదకునికి ప్రతిభ ఉంటే చాలదు. ఎవరి కోసం, ఏ విషయాన్ని గురించి రాయాలో ముందుగా నిర్ణయించుకోవడంపైనే పత్రిక మనుగడ ఆధారపడి ఉంటుంది.

పత్రికకు ప్రధానంగా రెండు విధాల ఆదాయం లభిస్తుంది. పాఠకులు చెల్లించే వెల మొదటిది. వ్యాపారులు ఇచ్చే ప్రకటనల రుసుము రెండవది. ఈ రెండింటినీ నిర్ణయించేది వస్తువే. కొత్తగా పత్రిక పెట్టేవారు సాధారణంగా అందరికీ నచ్చే వస్తువును ఎంచుకోవాలని భావిస్తారు. అయితే అందరి కోసం రాసే పెద్ద పత్రికలు అప్పటికే అంగడిలో ఉంటాయి. వాటితో పోటీపడే ధనబలం కొత్తవారికి ఉండదు. అందువల్ల ఒక నిర్దిష్టమైన పాఠకవర్గాన్ని గుర్తించి, వారికి పదేపదే కలిగే అవసరాన్ని తీర్చడమే చిన్న పత్రికకు శ్రేయస్కరం. తెలుగు పత్రికల చరిత్రలో ఇందుకు మంచి ఉదాహరణలు ఉన్నాయి.

మద్రాసులో ఆయుర్వేద వైద్యునిగా పేరొందిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించారు. అది స్త్రీల పత్రిక. ఆయన తయారుచేసిన ‘లోధ్ర’ స్త్రీల ఔషధం. పత్రిక చదివేవారు, ఔషధం అవసరమైనవారు ఒకే వర్గానికి చెందినవారు కావడం ఇక్కడ గమనించదగిన విషయం. అయినప్పటికీ ‘గృహలక్ష్మి’ మందును ప్రచారం చేసే కరపత్రంగా మిగిలిపోలేదు. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ వంటి రచనలకు అది వేదిక అయింది. రచయిత్రులను స్వర్ణకంకణంతో సత్కరించే సంప్రదాయం కూడా ఆ పత్రిక పేరుతో ముడిపడి ఉంది.

ఇటువంటిదే మరొక ఉదాహరణ 1969లో రామోజీరావు ప్రారంభించిన ‘అన్నదాత’. అది వ్యవసాయ మాసపత్రిక. అప్పటికి రెండేళ్ల క్రితమే, 1967లో, నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. అధిక దిగుబడినిచ్చే వరి వంగడాలు, రసాయన ఎరువులు, పురుగుమందులు పల్లెలకు చేరుతున్న కాలమది. తాతల నాటి అనుభవం ఒక్కటే ఈ కొత్త సేద్యానికి చాలలేదు. ఏ విత్తనం వేయాలి, ఏ ఎరువు ఎంత చల్లాలి, ఏ తెగులుకు ఏ మందు వాడాలి అనే ప్రశ్నలు రైతును వేధించేవి. వ్యవసాయ వస్తువుకు మరో సుగుణం ఉంది. అది ఎన్నటికీ తరగదు. తొలకరిలో విత్తనం, ఆపై కలుపు, తెగుళ్లు, కోత, నిల్వ, మళ్లీ రబీ పంట, ఇలా ప్రతి నెలా కొత్త ప్రశ్న ఉదయిస్తుంది. విత్తనాలు, ఎరువులు, నీటి యంత్రాలు అమ్మేవారు తమ సరుకును గురించి చెప్పుకోవలసింది కూడా ఆ రైతుకే.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో ఆరంభించిన ‘చందమామ’ వేరొక మార్గాన్ని చూపింది. పిల్లల చేతిలో డబ్బు ఉండదు. కొనవలసినవారు తల్లిదండ్రులు. అందుచేత పిల్లలను అలరిస్తూనే పెద్దలు కూడా చదువుకోదగిన కథలు అందులో చోటుచేసుకున్నాయి. వార్త మరునాటికి పాతబడుతుంది, కథ పాతబడదు. పైగా బొమ్మకు భాషాభేదం లేదు. తెలుగు, తమిళాలతో మొదలైన ఆ పత్రిక క్రమంగా కన్నడం, హిందీ మొదలైన అనేక భాషలకు విస్తరించింది. ఒకసారి వేయించిన బొమ్మ పలు భాషల సంచికలకు పనికి వచ్చినప్పుడు దాని ఖర్చు అన్నింటికీ పంచబడుతుంది.

లాభం తెచ్చే వస్తువు మాత్రమే గొప్పదని దీని భావం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం వ్యాపారాన్ని స్థాపించి, 1908లో ‘ఆంధ్రపత్రిక’ను, 1924లో ‘భారతి’ సాహిత్య మాసపత్రికను నెలకొల్పారు. అమృతాంజనం వల్ల వచ్చిన సంపద ఆయన పత్రికలకు అండగా నిలిచింది. పరిశోధన, విమర్శ వంటి గంభీరమైన విషయాలకు పాఠకులు తక్కువ. అటువంటి వస్తువును ఎంచుకున్నవారు దానిని పోషించడానికి వేరొక ఆదాయాన్ని ముందే సమకూర్చుకోవాలి.

వస్తువు లాభదాయకమైనకొద్దీ సంపాదకుని బాధ్యత కూడా పెరుగుతుంది. ప్రకటన ఇచ్చారన్న కారణంతో ఒక పురుగుమందును వ్యాసంలో ప్రశంసిస్తే, ఆ మాట నమ్మిన రైతు పంటను పోగొట్టుకోవచ్చు. అప్పు చేసి పెట్టుబడి పెట్టిన కుటుంబానికి అది కేవలం ఒక తప్పు వాక్యం కాదు, ఏడాది జీవనం. ఆ రైతు మళ్లీ ఆ పత్రికను ముట్టడు, పొరుగువారిని ముట్టనివ్వడు. పాఠకులు తొలగిపోయిన పత్రికకు ప్రకటనలూ దక్కవు. కాబట్టి ప్రకటనకూ వ్యాసానికీ మధ్య గీత గీయడం నీతి మాత్రమే కాదు, వ్యాపార రీత్యా కూడా వివేకం.

పత్రికకు వస్తువును ఎంచుకునేవారు నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలి. ఈ విషయం ఎవరికి అవసరం? ఆ అవసరం మళ్లీ మళ్లీ కలుగుతుందా? ఆ పాఠకులకు ఉపయోగపడే సరుకు అమ్మేవారు ఉన్నారా? దీనిని గురించి సాధికారంగా చెప్పగల జ్ఞానం, తెలుసుకునే ఓపిక తమకు ఉన్నాయా? కాగితం మీద ఇరవై నాలుగు సంచికలకు శీర్షికలు రాసి చూస్తే నాలుగవ ప్రశ్నకు సమాధానం కొంత వరకు తెలిసిపోతుంది. ఆరవ శీర్షిక దగ్గరే కలం ఆగితే, ఆ వస్తువుపై ఉన్నది తాత్కాలికమైన మోజే కావచ్చు. ఇరవై నాలుగూ నిండిన తరువాత కూడా చెప్పవలసినది మిగిలి ఉంటే, దానిపై శ్రమనూ ధనాన్నీ వెచ్చించడానికి ధైర్యం చేయవచ్చు.