దరఖాస్తుకు ముందే ఆ గుమ్మం తొక్కండి



నీట్ పరీక్ష ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటికి రెండు రకాలవారు వస్తారు. మిఠాయి పొట్లంతో వచ్చేవారు కొందరు, కాగితాల సంచితో వచ్చేవారు కొందరు. నిరుడు ఒక సాయంకాలం మా సంఘస్థుడైన ఒక రైతు సంచితోనే వచ్చాడు. "అయ్యగారూ, మావాడి ర్యాంకుకు పెద్ద డాక్టరు సీటు రాదంట. పళ్ళ డాక్టరు సీటు వస్తదంట. కాలేజీలో తెలిసినోళ్ళున్నారని ఒకాయన అంటున్నాడు. ముందు కొంత అడ్వాన్సు ఇమ్మంటున్నాడు. ప్రార్థన చేయండి" అన్నాడు. సంచిలో పొలం కాగితాలు కూడా ఉన్నాయి.

ప్రార్థన చేయకముందే మేము మూడు ప్రశ్నలు అడిగాము. ఆ కాలేజీ నువ్వు చూశావా? లేదు. అబ్బాయి చూశాడా? లేదు. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ పన్ను పీకించుకున్నారా? ఆయన నవ్వాడు గాని మేము నవ్వులాటకు అడగలేదు.

దంత వైద్య సీటు ఎలా వస్తుందో ముందు తెలుసుకోవాలి. 2017 నుండి మన రెండు రాష్ట్రాలలోనూ బి.డి.ఎస్. ప్రవేశం నీట్ ర్యాంకు మీదనే. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ జరిపి సీట్లు నింపుతాయి. యాజమాన్య కోటా సీటుకు కూడా నీట్ అర్హత ఉండాలి, ఆ కౌన్సెలింగ్ గుండానే రావాలి. మరి ఆ "తెలిసినోళ్ళు" అమ్మేది ఏమిటి? మీ బిడ్డ ర్యాంకుకు ఎలాగూ రాబోయే సీటును మీకే అమ్ముతారు. రాకపోతే ఫోను ఎత్తరు. ఇటువంటి పరిచయం కోసం ఒక్క సెంటు భూమి కూడా అమ్మవద్దు.

అమెరికాలో ఉన్న మనవారి పిల్లలు చెప్పే పద్ధతి వేరు. అక్కడి దంత కళాశాలలు పరీక్ష మార్కులతో సరిపెట్టుకోవు. ఒక దంత వైద్యుని ప్రక్కన నిలబడి ఎన్ని గంటలు పని చూశావు, నిన్ను ఎరిగిన అధ్యాపకులు ఏమి వ్రాశారు అని అడిగి, ఎదుట కూర్చోబెట్టి మాట్లాడి మరీ తీసుకుంటాయి. అందుకని అక్కడి పిల్లలు దరఖాస్తుకు ఒకటి రెండేళ్ళ ముందే కళాశాలలకు వెళ్ళి పరిచయం చేసుకుంటారు. మన దేశంలో ఆ పరిచయం సీటు ఇవ్వదు. అయినా అది మన పిల్లలకు మరీ అవసరమని మేము అంటాము. ఎందుకంటే ఇక్కడ కళాశాల మన బిడ్డను ఎంచుకోదు; మనమే ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఆప్షన్లు ఒకటి, రెండు, మూడు అని వరుస పెడతాము. ఆ వరుసే అయిదేళ్ళ బ్రతుకు.

నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది మైనపు ముద్దను చెక్కి పన్ను ఆకారం చేస్తారు. తరువాత ప్లాస్టరు పని. మూడవ ఏట నుండి రోగి నోట్లో చేయి పెడతారు. ఇన్ని పళ్ళు తీయాలి, ఇన్ని పిప్పి పళ్ళు నింపాలి, ఇన్ని పళ్ళ సెట్లు కట్టాలి అని లెక్క ఉంటుంది. రోగులు రాని కళాశాలలో ఎంత అద్దాల భవనం ఉన్నా చేయి తిరగదు. అందుచేత కళాశాలను చూడబోతే గేటు చూసి రాకండి. పనిదినం ఉదయం పది గంటలకు ఓ.పి. దగ్గర నిలబడి చూడండి. ఇంట్లో ఎవరికైనా పన్ను నొప్పి ఉంటే ఇంకా మంచిది, చీటీ వ్రాయించుకుని లోపలికి వెళ్ళవచ్చు.

మేము అలాగే వెళ్ళాము. మా దవడ పన్ను పీకిన విద్యార్థి చేయి వణికింది, మా గుండె అంతకన్నా వణికింది. వెనుక మేడమ్ నిలబడి "నిదానం, నిదానం" అంటూనే ఉన్నారు. అలా నిలబడే అధ్యాపకులు ఉన్నారా అన్నది ఏ కరపత్రంలోనూ ఉండదు. అయ్యాక ఆ అబ్బాయినే అడిగాము. పనిముట్లు ఎవరు కొనాలి? ఫీజు కాక ఏడాదికి ఎంత అవుతుంది? పేషెంట్లను మీరే వెతుక్కోవాలా? హాస్టల్లో నీళ్ళున్నాయా? దాచకుండా చెప్పాడు. రోగికి అబద్ధం చెప్పే వయస్సు కాదది.

ఇంకొక మార్గం మన సంఘాల చేతిలోనే ఉన్నది. దంత కళాశాలల్లో ప్రజారోగ్య దంత వైద్య విభాగం ఉంటుంది. వారు పల్లెల్లో శిబిరాలు జరపాలి, అందుకు చోటు వెతుకుతుంటారు. మూడేళ్ళ క్రిందట మేము సంఘం పేరున ఉత్తరం వ్రాస్తే మా మందిర ఆవరణకు బస్సు వేసుకుని వచ్చారు. బల్లలు, నీళ్ళు, నీడ మనవి. మధ్యాహ్నానికి వరుస గేటు దాటింది. పేర్లు వ్రాయడానికి ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టాము. అబ్బాయి గంటసేపు చూసి, చిగుళ్ళ చీము, గుట్కా వాసన తట్టుకోలేక వేపచెట్టు క్రిందికి వెళ్ళిపోయాడు. తరువాత అతడు వ్యవసాయ డిగ్రీలో చేరాడు. ఆ గంట అతనికి అయిదేళ్ళు మిగిల్చింది. అమ్మాయి మాత్రం సాయంత్రం దాకా టార్చిలైటు పట్టుకుని నిలబడింది. శిబిరానికి వచ్చిన ప్రొఫెసరమ్మ గమనించి, "దసరా సెలవుల్లో మా కాలేజీకి రా" అన్నారు. తల్లీబిడ్డలు వెళ్ళి ఒక రోజంతా చూసి వచ్చారు. మరుసటి ఏడు ఆ అమ్మాయి ఆప్షన్లు పెట్టినప్పుడు, ముందుగా హైదరాబాదు, విజయవాడ, కడప అంటూ ప్రభుత్వ కళాశాలల కోసం ఎదురుచూడక, తన ర్యాంకు ఎంతవరకు అందుతుందో తెలుసుకుని, తాను చూసిన కళాశాలను పట్టణానికి దగ్గరున్న మరొకదానికంటే పైన పెట్టింది. రెండవ విడతలో అదే వచ్చింది. ఆ ఏడు క్రిస్మసుకు తాను చెక్కిన మైనపు దంతం తెచ్చి చూపిస్తే సండేస్కూలు పిల్లలు చేతులు మార్చి మార్చి ఒక మూల విరగ్గొట్టారు.

ఈ సందర్భంలో కాపరులుగా మా బాధ కూడా ఒకటి చెప్పుకోవాలి. పంజాబులోని లూధియానా క్రిస్టియన్ డెంటల్ కళాశాల వంటి చోట్ల క్రైస్తవ మైనారిటీ సీట్లకు నీట్ ర్యాంకుతో పాటు సంఘపు ధ్రువపత్రాలు కావాలి. స్పాన్సర్‌షిప్ పొందినవారు చదువు తరువాత మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం సేవ చేయవలసి ఉంటుంది. గడువుకు రెండు రోజుల ముందు ఒక కుటుంబం వచ్చి, "మావాడు సంఘంలో చురుకైన యౌవనస్థుడని వ్రాయండి" అన్నారు. ఆ బిడ్డను మేము బాప్తిస్మమునాడు చూశాము, మళ్ళీ అప్పుడే చూశాము. బాప్తిస్మపు తేదీ వ్రాసి ఇచ్చాము, చురుకుతనం వ్రాయలేకపోయాము. వారు ఇప్పటికీ మా మీద కోపంగానే ఉన్నారు. అంతమాత్రానికి మాకూ నిద్ర పట్టలేదు. ఆ బిడ్డ ఎందుకు రావడం లేదో మేము ముందే వెళ్ళి అడిగి ఉండవలసినది.

మళ్ళీ ఆ రైతు సంగతి. ఆ రాత్రి అడ్వాన్సు ఆపించాము. కనాను దేశాన్ని వేగు చూడడానికి మోషే మనుష్యులను పంపిన సంగతి ఆయనకు జ్ఞాపకం చేశాము. సోమవారం మొదటి బస్సుకు నలుగురం బయలుదేరాము: ఆయన, కుమారుడు, ఆయన తల్లి, మేము. మామ్మకు క్రింది పళ్ళు నాలుగే మిగిలాయి. ఒక మూడవ సంవత్సరం అమ్మాయి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "నోరు తెరువు మామ్మా" అంటే అబ్బాయి ప్రక్కనే నిలబడి తొంగి చూస్తూనే ఉన్నాడు. వరండాలో కూర్చున్న తండ్రి ఎదురుగా బోర్డు మీద వ్రాసి ఉన్న ఫీజుల పట్టీని వేలితో లెక్క పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక అబ్బాయి, "ఆప్షన్లు నేనే పెడతాను నాన్నా, ఇంకో రెండు కాలేజీలు చూసొచ్చాక" అన్నాడు.

మామ్మకు పళ్ళ సెట్టు కొలత తీయడానికి గురువారం మళ్ళీ రమ్మన్నారు. తీసుకువెళ్ళే పని తనదేనని అబ్బాయి ముందే చెప్పాడు.