మేత బస్తా మీది ప్రొటీన్ అంకె చాలదు!

ట్రాయ్ (మిషిగన్): డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్‌లో భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు నుంచి వచ్చినవాళ్లం కొందరం ఉన్నాం. ఊళ్లో మావాళ్లకు చేపల చెరువులున్నాయి. ఫోన్ చేస్తే ముందు వినిపించే మాట మేత ధర. సాగు ఖర్చులో సగానికి పైగా దానికే పోతుంది. అందుకే మేం పంపే డబ్బు చెరువులో ఏమవుతోందో తెలుసుకోవాలనుకున్నాం.

బస్తా మీద 28 శాతం ప్రొటీన్ అని ఉంటే చాలనుకుంటాం. కానీ చేపకు కావలసింది ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు. వాటిలో పదింటిని చేప ఒళ్లు తయారుచేసుకోలేదు, మేతలోనే అందాలి. ఒక్కటి తక్కువైనా మిగతా తొమ్మిదీ పూర్తిగా పనికిరావు. కట్టడాల దగ్గర సూపర్‌వైజర్లుగా పనిచేసే మాకు ఇది కొత్తేం కాదు. సిమెంటు తగ్గితే ఇసుక, కంకర ఎంత పోసినా స్లాబుకు బలం రాదు కదా!

లెక్క ఇదీ

అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో ప్రచురించిన పట్టిక ప్రకారం బంగారుతీగ చేపకు ప్రొటీన్‌లో 5.7 శాతం లైసిన్ కావాలి. అంటే 28 శాతం ప్రొటీన్ ఉన్న 100 కిలోల మేతలో సుమారు 1.6 కిలోలు. అదే ప్రొటీన్ అంతా వేరుశనగ చెక్క నుంచే వస్తే లైసిన్ కిలో దగ్గరే ఆగిపోతుంది. పత్తి చెక్కలోనూ లైసిన్ తక్కువే, పైగా అందులోని గాసిపాల్ కొంత లైసిన్‌ను పట్టేసుకుంటుంది. సోయా చెక్కలో లైసిన్ బాగుంటుంది గానీ మెథియోనిన్ తక్కువ. పచ్చి సోయా అయితే అరుగుదలను అడ్డుకుంటుంది, వేడి చేసిందే వాడాలి.

వాడుకోలేని అమైనో ఆమ్లాలను చేప అమ్మోనియాగా నీళ్లలోకి వదిలేస్తుంది. మేత ఖర్చూ దండగ, చెరువు నీరూ పాడు.

ఇడ్లీ పిండి సూత్రం

దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. బియ్యంలో లైసిన్ తక్కువ, మినపప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి ఇడ్లీ వేస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. చెరువు మేతకూ అదే సూత్రం. నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. సోయాకు అది తోడైతే సరిజోడు. ఇంకా లోటుంటే ఫ్యాక్టరీలో తయారైన లైసిన్, మెథియోనిన్ మేతలోనే కలుపుతారు. ఆ పొడిని మాత్రం విడిగా నీళ్లలో చల్లకూడదు, చేప నోటికి అందేలోగా కరిగిపోతుంది.

బొచ్చె, శీలావతి పలచగా ఉన్న చెరువులో నాచు, సూక్ష్మజీవులు కొంత లోటు తీరుస్తాయి. పిల్లల్ని ఒత్తుగా వదిలితే ఆ సాయం చాలదు, అప్పుడు ఎదుగుదల తగ్గుతుంది.

కాబట్టి ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నగారినో, బాబాయినో ఒక్కమాట అడగండి. మేత కొనేటప్పుడు ప్రొటీన్‌తో పాటు లైసిన్, మెథియోనిన్ శాతాలు కూడా చెప్పమని కంపెనీవాళ్లని నిలదీయమనండి. చెక్కలు సొంతంగా కలిపేవాళ్లయితే ఒకే చెక్క మీద ఆధారపడొద్దనండి. చెమ్మ తగిలి బూజు పట్టిన వేరుశనగ చెక్కను చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దని చెప్పండి.