పాలు పడని పసిబిడ్డ, పాలిచ్చే తల్లి

నెలన్నర, రెండు నెలల పసిబిడ్డ విరేచనంలో జిగురు, దానిలో సన్నని దారంలాంటి రక్తపు చార కనిపిస్తే ఏ తల్లికైనా గుండె ఆగినంత పని అవుతుంది. ఇంట్లో అప్పుడు వినిపించే మాట దాదాపు ఒకటే. "నీ పాలు పిల్లకు పడ్తలేవు, డబ్బా పాలు పట్టు." కోరుట్ల, మెట్‌పల్లి, కథలాపూర్ వైపు నుండి బిడ్డలను ఎత్తుకొని వచ్చే తల్లులు మాతో చెప్పుకొని బాధపడేది కూడా ఈ మాట గురించే. ఈ మాటలో పెద్ద ప్రమాదమే ఉన్నది. మామూలు డబ్బా పాలపొడి ఆవు పాలతోనే తయారవుతుంది. బిడ్డకు నిజంగా పాల అలర్జీ ఉంటే, తల్లిపాలలో చుక్కంత వస్తున్నదాన్ని సీసా నిండా పోసి పట్టినట్లవుతుంది.

ఇలాంటి బిడ్డకు పడనివి తల్లిపాలు కావు. తల్లి తాగిన చాయ్‌లో, తిన్న పెరుగులో ఉన్న బర్రె పాలు లేదా ఆవు పాలు. ఆ పాలలోని ప్రోటీన్లు చాలావరకు తల్లి కడుపులోనే అరిగిపోతాయి. అరగని అతి కొద్ది భాగం రక్తంలో కలిసి తల్లిపాలలోకి చేరుతుంది. చాలామంది పిల్లలకు దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. కొద్దిమంది పిల్లల శరీరం మాత్రం దానిని పరాయిదిగా చూసి ఎదురు తిరుగుతుంది. పేగు లోపలి పొర వాచి జిగురు, రక్తం పడతాయి. కొందరికి వాంతులు, మరికొందరికి బుగ్గల మీద, మోచేతుల మడతల్లో తగ్గని దురద పొక్కులు వస్తాయి.

లాక్టోజ్ పడకపోవడం వేరు, ఇది వేరు. లాక్టోజ్ పాలలో ఉండే చక్కెర. తల్లి ఏం తిన్నా, ఏం మానినా అది తల్లిపాలలో ఉండే తీరుతుంది. కాబట్టి "లాక్టోజ్ పడదు, నువ్వు పెరుగు మానెయ్" అనే సలహాకు అర్థం లేదు.

ప్రతి ఏడుపూ పాల అలర్జీ కాదు

తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో ఈ అలర్జీ నూటికి ఒక్కరికి కూడా ఉండదు. పసిపిల్లల ఏడుపు మామూలుగానే ఆరు వారాల వయసులో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. పాలు కక్కడం, ఆకుపచ్చ విరేచనం, రోజుకు ఏడెనిమిది సార్లు పోవడం, బరువు బాగా పెరుగుతున్న బిడ్డలో ఇవేవీ రోగాలు కావు. రక్తం పడటానికి కూడా వేరే కారణాలు ఉండవచ్చు. ఆసనం దగ్గర చిన్న చీలిక కావచ్చు, పేగుల్లో సూక్ష్మక్రిముల వ్యాధి కావచ్చు, పుట్టినప్పుడు విటమిన్ కె సూది వేయించుకోకపోవడం వల్ల జరిగే రక్తస్రావం కావచ్చు. అందుకే ముందు డాక్టరుకు చూపించాలి. తల్లి తనంతట తానే పాలు మానేసి ఇంట్లో కూర్చోకూడదు.

డాక్టరు గారికి పాల మీదే అనుమానం ఉంటే పరీక్ష తల్లి కంచంలోనే జరుగుతుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి రక్తపరీక్ష తేల్చి చెప్పలేదు. తల్లి 2 నుండి 4 వారాలు పాలు, పాలతో చేసినవి పూర్తిగా మానాలి. కొందరు పిల్లలు మూడు నాలుగు రోజుల్లోనే తేరుకుంటారు, కొందరికి రెండు వారాలు పడుతుంది. తరువాత, బిడ్డ బాగున్నప్పుడు, తల్లి మళ్లీ పాలు తాగి చూడాలి. ఈ రెండో భాగాన్ని మన వాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. "తగ్గింది గదా, మళ్లీ ఎందుకు గెలుకుడు?" అంటారు. పైన చెప్పినట్లు ఏడుపు వయసుతో దానంతట అదే తగ్గుతుంది. తగ్గింది పాలు మానినందుకా, వయసు వల్లనా అన్నది పాలు తిరిగి తాగితేనే తెలుస్తుంది. 1978లో స్వీడన్ వైద్యులు యాకబ్సన్, లిండ్‌బర్గ్ కూడా ఇలాగే చూశారు. తల్లుల ఆహారంలో ఆవు పాలు ఆపి, మళ్లీ ఇచ్చి, తల్లిపాలు తాగే పిల్లల్లో తెరలు తెరలుగా వచ్చే ఏడుపుకు కొన్నిసార్లు ఇది కారణమని చూపించారు. తిరిగి తాగాక రెండు మూడు రోజుల్లో అవే లక్షణాలు వస్తే అలర్జీ ఉన్నట్టే. రాకపోతే ఆ తల్లి తన చాయ్ తాను నిశ్చింతగా తాగవచ్చు. అక్కర లేని పథ్యం బాలెంతకు మంచిది కాదు.

పొద్దున చాయ్ నుండి రాత్రి పెరుగు దాకా

చెప్పడానికి "పాలు మానండి" రెండు మాటలే. మన ఇళ్లలో అది రోజంతా ఎదురయ్యే పని. పొద్దున లేవగానే చాయ్. దానికి బదులు నల్ల చాయ్, నిమ్మరసం పిండిన చాయ్ తాగవచ్చు, రోజుకు రెండు కప్పులు మించకుండా. చాయ్‌లో ముంచుకునే బిస్కట్‌లో చాలాసార్లు పాలపొడి ఉంటుంది. బస్టాండు దగ్గరి బేకరీ బన్ను, బ్రెడ్డు, కేకు కూడా అంతే. ప్యాకెట్ వెనుక మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్, బటర్ అనే మాటలు ఏవి ఉన్నా అది పాలే. 2020 నాటి కేంద్ర ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పాలు కలిసిన ప్యాకెట్ మీద ఆ సంగతి విడిగా రాయాలి. చదవడం రాకపోతే స్కూలుకు పోయే పిల్లలతో చదివించుకోండి. పేరు లేని విడి సరుకు అయితే ఆ కొద్ది వారాలూ వద్దనుకోవడమే మేలు.

మధ్యాహ్నం చివరి ముద్ద పెరుగన్నం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదని చాలామంది అంటారు. పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి వేసుకొని తింటే ఆ లోటు కొంత తీరుతుంది. మజ్జిగ పోయకుండా రాగి అంబలి ఉల్లిగడ్డ, ఉప్పుతో తాగవచ్చు. జొన్న రొట్టె, గటక, పప్పు, తోటకూర, మునగాకు, గుడ్డు, కోడి కూర, ముల్లుతో నమిలే చిన్న చేపలు, అన్నీ తినవచ్చు. నెయ్యిలోనూ పాల ప్రోటీన్ కొద్దిగా మిగిలి ఉండవచ్చు కాబట్టి పరీక్ష జరిగే రోజుల్లో అదీ వద్దు, నువ్వుల నూనె గానీ పల్లి నూనె గానీ వాడుకోండి. గుడ్డు, పప్పు, వంకాయ, చేప అన్నీ ఒక్కసారే మాన్పించే ఇళ్లు ఉన్నాయి. అది తప్పు. డాక్టరు చెప్పినదొక్కటే మానాలి.

ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే తల్లికి ఆకలైనప్పుడు చేతికందేది చాయ్, బిస్కట్టే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. చాటకు అందేంత దూరంలో ఒక డబ్బాలో వేయించిన పల్లీలు, నువ్వుల ఉండలు పెట్టుకుంటే పస్తు ఉండే బాధ తప్పుతుంది. బీడీ చాట ఒడిలో ఉన్నప్పుడు బిడ్డకు పాలు పట్టకండి. చేతులు సబ్బుతో కడుక్కొని, పొగాకు దుమ్ము పడిన కొంగు మార్చుకొని పట్టండి.

ఇక సున్నం సంగతి, అంటే కాల్షియం. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల ఆవు పాలలో ఉండేది సుమారు 240. డెబ్బై గ్రాముల రాగి పిండిలో దాదాపు అంతే ఉంటుంది. రెండు పెద్ద చెంచాల నువ్వులలోనూ అంతే, అయితే నువ్వులలోనిది పాలలోని దానిలా పూర్తిగా ఒంటపట్టదు. కాబట్టి మాత్రలు మానవద్దు. ప్రసవం తరువాత ఆరు నెలల దాకా రోజుకు రెండు కాల్షియం మాత్రలు ప్రభుత్వమే ఇస్తుంది. అన్నంతో వేసుకోండి, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి.

అంగన్‌వాడీలో ఇంకో చిక్కు వస్తుంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలెంతలకు వేడి భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. పాలు తాగలేమని కొందరు అంగన్‌వాడీకి పోవడమే మానుకుంటారు. దానితో అన్నం, పప్పు, గుడ్డు కూడా పోతాయి. డాక్టరు చీటీ టీచరమ్మకు చూపించి పాలు ఒక్కటే వద్దని చెప్పండి, భోజనం తినండి.

అత్తమ్మ మాట, ఫోన్‌లో భర్త మాట

మా ప్రాంతంలో చాలా ఇళ్లలో భర్త దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటాడు. బాలెంత ఏం తినాలో అమ్మ గారింట అమ్మ, అత్తగారింట అత్తమ్మ చెబుతారు. "పాలు తాగకుంటే పాలెట్ల పడ్తయ్ బిడ్డా?" అని అత్తమ్మ అడిగేది ప్రేమతోనే. దానికి మా నర్సమ్మ చెప్పే జవాబు అందరినీ నవ్విస్తుంది. "బర్రె పాలు తాగి పాలిస్తదా అమ్మా? గడ్డి తినే గదా ఇచ్చేది!" పాలు ఊరేది బిడ్డ చీకడం వల్ల. ఎన్నిసార్లు చీకితే అన్ని పాలు. అందుకే తల్లి ఒక్కతే చూపించుకోవడానికి రావద్దు, వంట చేసే మనిషిని వెంట తీసుకొని రండి. భర్తకు ఫోన్ కలిపితే ఆయనతో కూడా మేమే మాట్లాడతాం. తొట్టెల వేడుకలో పరమాన్నం వద్దన్నందుకు, క్రిస్మస్ కేకు ముట్టనందుకు ఆ తల్లిని ఎవరూ చిన్నబుచ్చకూడదు.

బర్రె పాలు పడకపోతే మేక పాలు పట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆవు, బర్రె, మేక పాల ప్రోటీన్లు ఒకదానికొకటి బాగా దగ్గర. ఒకటి పడని బిడ్డకు మిగతావీ ఎక్కువగా పడవు. వీధుల్లో గాడిదను తోలుకొచ్చి చిన్న గిన్నెడు పాలు పిండి అమ్మే వారినీ చూస్తుంటాం. కాచని ఆ పాలతో క్రిములు బిడ్డ కడుపులోకి పోతాయి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప గ్రైప్ వాటర్ కూడా అవసరం లేదు.

ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, రాగి జావ, ఉడికించి మెదిపిన గుడ్డు, అరటిపండు మొదలుపెట్టండి. అంగన్‌వాడీ బాలామృతంలో పాలపొడి కలుస్తుంది కనుక డాక్టరును అడగకుండా పెట్టవద్దు. టీకాలు మాత్రం ఏదీ ఆపనక్కర లేదు. రక్తపు చార మాత్రమే కనిపించే పిల్లల్లో ఎక్కువమందికి ఏడాది నిండేసరికి, మిగతావారిలోనూ చాలామందికి మూడేళ్లకు పాలు పడతాయి. మొదట బాగా కాలిన బిస్కట్ ముక్కతో, తరువాత కాచిన పాలతో, మెల్లగా, డాక్టరు చెప్పిన వరుసలో మొదలుపెట్టాలి.

మొదటిసారి పై పాలు నోట్లో పడగానే పెదవులు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బిడ్డ వాలిపోవడం జరిగితే ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అలాంటి బిడ్డకు ఇంట్లో మళ్లీ పాలు పట్టి చూడకూడదు. రక్తం ఎక్కువగా పడటం, పచ్చని వాంతులు, కడుపు ఉబ్బడం, జ్వరం, పాలు తాగకపోవడం ఉంటే అదే రోజు చూపించాలి. మామూలుగా చూపించుకోవడానికి వచ్చేటప్పుడు బిడ్డ బరువు రాసిన కార్డు, వారం రోజులుగా తల్లి ఏమేం తిన్నదో రాసుకున్న కాగితం, వీలైతే రక్తం కనిపించిన గుడ్డను కవరులో పెట్టి వెంట తీసుకొని రండి.