నాష్‌విల్‌లో ఒక పల్లెవాద్యం

గార్లదిన్నె ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అమెరికాలోని కుమారుని చూడబోయి, టెనెసీ రాష్ట్రపు ముఖ్యపట్టణమైన నాష్‌విల్‌ను కూడా దర్శించి వచ్చారు. పల్లెపాటకు పట్టం కట్టిన నగరమది. 1925లో అక్కడి రేడియో కేంద్రమొకటి ఆరంభించిన శనివారపు పాటకచేరీ ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ పేరుతో నేటికీ సాగుతున్నది. 1974లో కచేరీ కొత్త మందిరానికి తరలినప్పుడు, పాత వేదికనుండి ఆరడుగుల గుండ్రని చెక్కను కోసి తెచ్చి కొత్త వేదికలో పొదిగారు. దానిమీద నిలిచి పాడడం గాయకులకు మహాభాగ్యం.

అయితే ఉపాధ్యాయుని మనస్సులో నిలిచినది ఆ చెక్క కాదు. అక్కడి సంగీత ప్రదర్శనశాలలో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుని పేరుగల కంచుఫలకం. బెయిలీ తాత బానిసగా పుట్టినవాడు. మనుమడు హార్మోనికాపై రైలు పరుగును, కూతను పలికించేవాడు. (హార్మోనికా అంటే మన నాటకాలవారి హార్మోనియం కాదు, పిల్లలు మౌత్ ఆర్గాన్ అనేది.) 1927లో ఆయన ఆ రైలుపాట వినిపించిన రాత్రే కచేరీకి ఆ పేరు వచ్చిందంటారు. తోటి కళాకారులతో ఊరూరా తిరిగినా, హోటళ్లలో ఆయనకు గది దొరికేది కాదు. 1941లో కచేరీనుండి తొలగించారు. ఆ మీదట బూట్లకు మెరుగు పెట్టే దుకాణంతో జీవించి, 1982లో మరణించాడు. ఫలకం వెలసినది 2005లో!

తిరిగివచ్చిన పిదప ఉపాధ్యాయుడు నోటుపుస్తకం చేతబట్టి బయలుదేరారు. తమ ఊళ్లలో చెక్కభజన కట్టేవారి పేర్లు, ఎవరెవరికి ఏయే పాటలు వచ్చునో వ్రాసుకొంటున్నారు.